రాగికి లొంగని గజ్జి

తెనాలిలో నా పురుగుమందుల కొట్టుకు వచ్చే రైతుల్లో నేను కాస్త భయపడేది ఒక్క టీచరుగారికే. రేపల్లె దగ్గర పల్లెటూళ్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఎకరం నిమ్మతోట దగ్గరుండి చూసుకుంటారు.

ఒకరోజు ఉదయం ఆవిడ రేపల్లె రైలు దిగి నేరుగా కొట్టుకొచ్చి, టిఫిన్ బాక్సు తెరిచి కౌంటర్ మీద పెట్టారు. లోపల నిమ్మాకులు. ఒక్కో ఆకు మీదా గరుకు మచ్చలు, వాటి చుట్టూ పసుపు వలయాలు. గజ్జి తెగులు.

"నువ్వు చెప్పిన రాగి మందే కొడుతున్నానయ్యా. మొదట్లో తగ్గేది. ఇప్పుడు కొత్త చిగురుక్కూడా వస్తోంది. నీ మందు నకిలీదేమో చూసుకో."

కొట్లో ఉన్న ఇద్దరు రైతులు ఒక్కసారిగా అరలోని విత్తనాల ప్యాకెట్లు చదవడం మొదలుపెట్టారు. నా ముఖం వేడెక్కింది. ఇన్నేళ్ల వ్యాపారంలో నన్నెవరూ ఆ మాట అనలేదు. నకిలీ కాదని రుజువు చేస్తానన్నాను. చెయ్యమని, బాక్సు అక్కడే వదిలేసి ఆవిడ బజారుకు వెళ్లిపోయారు.

నా మేనకోడలు బాపట్లలో వ్యవసాయ కాలేజీలో మొక్కల తెగుళ్ల మీద పీజీ చేస్తోంది. మర్నాడే ఆకులూ, సీలు విప్పని మందు ప్యాకెట్టూ పట్టుకెళ్లి ఇచ్చాను. ఆకుల్లోని బాక్టీరియాను వేరుచేసి, మందు కలిపిన జెల్లీ మీద పెంచి చూస్తానంది. అసలు ఇప్పటిదాకా ఎన్నిసార్లు కొట్టారో కనుక్కోమంది.

టీచరుగారిని అడిగితే తోట పనులన్నీ రాసుకునే పుస్తకం పేజీలు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపారు. ముత్యాల్లాంటి అక్షరాలు. 'కొట్టు అబ్బాయి మళ్లీ కొట్టమన్నాడు.' నలభై ఆరేళ్ల వాణ్ణి అబ్బాయి అన్నందుకు ముచ్చటేసింది. కింద చూస్తే, 'తగ్గలేదు. పది రోజులకోసారి కొట్టమన్నాడు.' ఆ కింద మళ్లీ నేనే. ఏ పేజీ తిప్పినా నేనే. ముచ్చట తీరిపోయింది.

కొన్నాళ్లకు మేనకోడలు రమ్మంటే వెళ్లాను. రెండు గాజు పళ్లేలు చూపించింది. రెండింట్లోనూ నా మందే, ఒకే మోతాదు. కాలేజీలో దాచిన పాత రకం బాక్టీరియా వేసిన పళ్లెం ఖాళీగా ఉంది. టీచరుగారి తోటది వేసిన పళ్లెం నిండా పసుపు చుక్కలు, మిలమిలా మెరుస్తూ.

"మందు మంచిదే మామయ్యా. కొట్టినప్పుడల్లా దానికి లొంగేవి చచ్చాయి, తట్టుకునేవి మిగిలాయి. తట్టుకునే గుణాన్ని అవి పక్కవాటిక్కూడా ఇచ్చుకుంటాయి. మీరు మళ్లీ మళ్లీ కొట్టించి వాటికి చోటు ఖాళీ చేసిపెట్టారు."

నా మాట నెగ్గింది. సంతోషం మాత్రం రాలేదు.

ఇంటికి పోకుండా రేపల్లె బస్సెక్కాను. మందు నకిలీ కాదని మాత్రం చెప్పి వచ్చేస్తే? అది అబద్ధమేం కాదు కదా. కర్లపాలెం దాకా ఆ ఆలోచన బాగానే ఉంది. బస్సు దిగేసరికి సిగ్గేసింది. తోటలో టీచరుగారి ఎదురుగా నిలబడి అంతా చెప్పేశాను.

ఆవిడ చేతిసంచిలోంచి తోట పుస్తకం తీసి పేజీలు తిప్పారు.

"నకిలీ అనడం నా పొరపాటు. కొట్టమనడం నీ పొరపాటు," అన్నారు. "తగ్గలేదని నా చేత్తో నేనే రాసుకున్నాను చూడు, అయినా ఆగి అడగలేదు. సరే, ఇప్పుడేం చేద్దాం?"

రాగి మందు కొన్నాళ్లు ఆపాలనీ, వానలకు ముందే గజ్జి పట్టిన కొమ్మలు కత్తిరించి కాల్చేయాలనీ, లేత ఆకుల్లో సొరంగాలు తొలిచి గజ్జికి దారిచ్చే పురుగును అదుపులో పెట్టాలనీ మేనకోడలు చెప్పింది చెప్పాను. ఆ ఆదివారం చర్చి నుంచి ఆవిడ వచ్చేసరికి కత్తెరతో తోటలో ఉన్నాను. వెనకే నడుస్తూ, వదిలేసిన కొమ్మ చూపించి, "అది దిద్దలేదే," అనేవారు. ముళ్లు గీరుకుని నా చేతులు మంటెత్తాయి.

ఇప్పుడు రాగి మందు అడిగినవాళ్లను ఇంతకుముందు ఎన్నిసార్లు కొట్టారని అడుగుతున్నాను. ఒకాయన విసుక్కుని పక్క కొట్టుకు వెళ్లిపోయాడు.

ఆ వానల్లో గజ్జి పూర్తిగా పోలేదు గానీ, చాలా కాయలు నున్నగా దిగాయి. మచ్చలున్నవి టీచరుగారు ఊరగాయకు ఇంటికి తీసుకెళ్లారు. రసానికేం తేడా లేదట.