పటేలు బొటనవేలు

ఓట్ల నాడు మా తండాకు ట్రాక్టర్ పంపేటోడు పటేలు. పోయేటందుకే. ఓటు పడ్డంక మునగాల నుంచి ఎండల నడిచి రావాలె.

వాడు బూత్ బయట షామియానా కింద కుర్చీల కూసునేటోడు. ఓటేసి వచ్చినోళ్ల ఎడమచెయ్యి గుంజి, సిరా మీద బొటనవేలుతోని రుద్ది, "మనకేనా?" అనేటోడు. వాని పొలంల నాట్లేసే మా అమ్మ తల వంచుకొని "మనకే పటేలా" అనేది. నాకు ఒళ్లు మండేది.

నేను మొదటిసారి ఓటేసిన నాడు నా వేలు గూడ రుద్దిండు. తొవ్వ పొంటి అమ్మతోని కొట్లాడిన, ఎందుకట్ల అంటవని.

"లోపల అట్ట సాటుకు పటేలు రాడు బిడ్డా. ఆడ నేను, మిషను, అంతే. ఎన్నడన్న వాని పార్టీకి ఏసిన్నా? ముందుగాల ఆ అట్టకు దండం పెట్టుకుంట, తర్వాతనే బటన్ నొక్కుత."

మొన్నటి ఓట్లకు పటేలుకు పూరా చూపు పోయింది. కొడుకుది వేరే పార్టీ. ఆ కొడుకే చెయ్యి పట్టుకొని లోపలికి తీస్కపోయి, తండ్రి ఓటు తనే నొక్కి, బయటికి తెచ్చిండు.

అమ్మ ఎదురు పోయింది. పటేలు చెయ్యి అందుకొని, సిరా మీద బొటనవేలు పెట్టి రుద్దింది.

"మనకేనా పటేలా?"

పటేలు తన కొడుకు దిక్కు మొఖం తిప్పిండు. "ఎవలకేసినవ్‌రా?" అన్నడు.

కొడుకు కారు డోరు తీసిండు. నాకు జాలి పుట్టలే.