హీటర్ పెట్టమన్న మా అత్తయ్య

పోయిన సోమవారం పొద్దున మా మేనత్త కన్నుమూసింది. నేను కొట్టుకు బయల్దేరుతుంటే మా బావ ఫోన్ చేసి, "అమ్మ ఇక లేదే," అన్నాడు. కాఫీ తాగి, పేపరు చూస్తూ కుర్చీలో అలాగే ఒరిగిపోయిందట. మంగళగిరిలో ఆవిడ దగ్గర చీరలు కొన్నవాళ్లు, ఆవిడ మగ్గాల మీద నేసినవాళ్లు చాలామంది వచ్చి చూసి వెళ్లారు. అందరూ ఆవిడ చీరల గురించే చెప్పుకున్నారు. నాకు మాత్రం ఆవిడ కారు గుర్తొస్తోంది.

మామయ్యకు చూపు మందగించాక బయటి ఊళ్ల బేరాలన్నీ అత్తయ్య మీద పడ్డాయి. బస్సుల్లో మూటలు నలిగిపోతున్నాయని ఓ పాత కారు కొన్నది. అప్పటికి ఆవిడకు యాభై దాటాయి. "ఈ వయసులో డ్రైవింగేమిటి వదినా?" అని మా అమ్మ అంటే, "మగ్గం మీద కాళ్లూ చేతులూ ఒకేసారి ఆడించినదాన్ని. ఇదెంత?" అంది. నేర్చుకుంది. తర్వాత నాకూ నేర్పింది. బండి తీసే ముందు బానెట్ ఎత్తి చూడటం, చూశాక చేతులు తుడుచుకోవటానికి సీటు కింద పాత పంచె ముక్క పెట్టుకోవటం ఆవిడ అలవాట్లు. వ్యాపారంలో నన్ను తోడుగా పెట్టుకున్నాక ఆ అలవాట్లు నాకూ వచ్చాయి.

ఓ వేసవిలో ఆ కారు ఇంజిన్ వేడి చూపించే ముల్లు పిచ్చిగా ఆడటం మొదలుపెట్టింది. ఉన్నట్టుండి పైకెళ్లేది, కాసేపటికి తనంతట తనే దిగేది. మా వీధి చివరి మెకానిక్ చూసి, "మీటరే పాడైందమ్మా, పట్టించుకోకండి," అన్నాడు. ఇంకొకతను ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే అన్నాడు. అత్తయ్య ఇద్దరికీ తల ఊపి, ఎవరి మాటా వినలేదు. "ముల్లు పైకెళ్లిందని కంగారుపడితే ఏం తెలుస్తదే? ఎప్పుడెక్కుతుందో, ఎప్పుడు దిగుతుందో చూడాలి," అనేది.

ఆ వారంలోనే ఏలూరులో ఓ పెళ్లివారికి చీరలు ఇవ్వాల్సి వచ్చింది. ఆ సాయంత్రమే పెళ్లికూతుర్ని చేస్తున్నారు. కట్టాల్సిన పట్టుచీర మా డిక్కీలో ఉంది. నేను నడుపుతున్నాను, అత్తయ్య పక్కన కూర్చుంది. రామవరప్పాడు దగ్గర ట్రాఫిక్‌లో ముల్లు ఎక్కింది, బండి కదిలాక దిగింది. గన్నవరం దాటాక రోడ్డు ఖాళీగా ఉన్నా మళ్లీ ఎక్కింది.

"ఏసీ ఆపి హీటర్ పెట్టు," అంది అత్తయ్య.

"ఈ ఎండలోనా?"

"పెట్టవే. అద్దాలు దించు."

హీటర్ పెట్టాను. ఆవిడ గాలి వచ్చే చోట అరచెయ్యి పెట్టి ముల్లు వైపే చూస్తోంది. ముల్లు పైన ఉన్నప్పుడు వచ్చే గాలిలో వేడి లేదు. అది దిగగానే చెయ్యి చుర్రుమనేంత వేడి గాలి కొట్టింది. మళ్లీ ఎక్కింది, మళ్లీ గాలి చల్లబడింది. ఇద్దరం చెమటతో తడిసిపోయాం. ఆవిడ మొహంలో మాత్రం చిక్కుముడి కొస దొరికినప్పటి వెలుగు.

"మీటర్ బాగానే ఉంది. లోపల నీళ్లు తగ్గినయ్, గాలి చేరింది. ఇంజిన్‌లో కాగిన నీళ్లే హీటర్‌కి వెళ్తయ్. అవి అందినప్పుడు వేడి గాలి, అందనప్పుడు ఉత్త గాలి. హనుమాన్ జంక్షన్‌లో ఆపు," అంది.

ఓ టీ కొట్టు నీడన ఆపాం. నేను బానెట్ ఎత్తి రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతే చటుక్కున నా మణికట్టు పట్టుకుంది. "చల్లారకుండా తీస్తే మొహం కాలిపోద్ది!" అంతలో పెళ్లికూతురి తల్లి ఫోన్. ఆవిడ గొంతులో ఏడుపొక్కటే తక్కువ. అత్తయ్య నిదానంగా, "వస్తన్నామండీ. బండి వేడెక్కింది, చల్లారనిస్తన్నాం. పిల్ల కట్టుకునే వేళకి చీర మీ ఇంట్లో ఉంటదండీ," అని చెప్పి పెట్టేసి నా వైపు తిరిగింది. "టీ తాగు. ఆలోపు చల్లారకపోతే చీరలు తీసుకుని నువ్వు బస్సెక్కు. బండి దగ్గర నేనుంటా."

బస్సెక్కే అవసరం రాలేదు. ఇంజిన్ బాగా చల్లారాక మూత మీద గుడ్డ వేసి మెల్లగా తిప్పింది. లోపల నీళ్లు కనపడనంత కిందకి ఉన్నాయి. టీ కొట్టులో అడిగి తెచ్చిన నీళ్లు పోసి, హీటర్ వేసే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయమంది. మూత దగ్గర బుడగలు గుడగుడమంటూ వచ్చాయి. అవి వచ్చే కొద్దీ నీళ్లు దిగేవి, ఆవిడ పోసేది. బుడగలు ఆగాక మూత బిగించింది. ఏలూరు వరకూ ముల్లు మధ్యలోనే ఉండిపోయింది. పెళ్లికూతురు తల దువ్వించుకుంటుండగా చీర చేతికిచ్చాం.

"బాగైపోయిందిగా అత్తయ్యా," అన్నాను తిరుగు దారిలో.

"బాగెక్కడైంది? పోయిన నీళ్లు ఎటు పోయినయ్యో తెలియాలిగా."

మర్నాడు ఆటోనగర్‌లో ఓ రేడియేటర్ షాపుకు తీసుకెళ్లింది. అక్కడి మెకానిక్‌కు ముల్లు సంగతీ, హీటర్ సంగతీ పూస గుచ్చినట్టు చెప్పింది. ఆయన మొత్తం విని, "అయితే ఇంజిన్ జోలికి వద్దమ్మా, ముందు కారే చోటు పట్టుకుందాం," అన్నాడు. గాలి పంపులాంటిది తగిలించి ఒత్తిడి పెట్టి చూశాడు. గొట్టాలన్నీ గట్టిగానే ఉన్నాయి. తర్వాత మూతను విడిగా పరీక్షించాడు. దాని రబ్బరు ఎండి బిగిసిపోయింది. వేడెక్కినప్పుడల్లా ఆవిరి అక్కడి నుంచే పోతోందని తేలింది. కొత్త మూత వేసి, మేం పోసిన నీళ్లు తీసేసి కూలెంట్ నింపాడు. ఇంజిన్ ఆడిస్తూ, ఇద్దరూ ముల్లు వంక చూస్తూ డ్రైవర్ తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ముల్లు మధ్య దాటి కదల్లేదు. ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.

ఆ తర్వాత నా చేతిలో బండి ఎన్నోసార్లు ఆగింది. మగ్గాల దగ్గరా, బేరాల దగ్గరా కూడా చిక్కులు వచ్చాయి. ఎప్పుడూ చేతులెత్తేయలేదు. ముందు కాసేపు చూస్తాను. అలా చూడటం ఆవిడ ఇచ్చిందే.

మొన్న మొన్ననే, ఆవిడ పోయే ముందు, ఇద్దరం కరకట్ట మీదుగా అవనిగడ్డ వెళ్లాం. ఎవరు నడిపినా కునుకు తీయని మనిషి, ఆ రోజు ఊరు దాటగానే కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఒక పక్క కృష్ణ, ఒక పక్క అరటి తోటలు. ఆకుల నీడలు ఆవిడ మొహం మీద నుంచి ఒకదాని వెంట ఒకటి జారిపోతున్నాయి. లేస్తుందేమోనని నేను గేర్లు మెత్తగా మారుస్తూ, గతుకులు తప్పిస్తూ నడిపాను.