చిల్లు మూయని సంచి

మడకశిర పక్కన మా ఊళ్లో ఇప్పుడు పిల్లలు కూర్చుని చదువుకుంటున్న గ్రంథాలయం, నా చిన్నప్పుడు రాగుల మండీ. గోడలకు రంగులు వేశారు, ఫ్యాన్లు బిగించారు, బల్లలు పరిచారు. నేల మాత్రం ఆ పాత బండలే. ఆ బండల మీద రాలిన గింజలే మమ్మల్ని బతికించాయంటే మా మనవరాలు నవ్వుతుంది. నవ్వనీ, ఆకలి తెలియని పిల్ల, నాకు సంతోషమే.

ఒక ఏడాది వానలు మొహం చాటేశాయి. నాయన కూలి వెతుక్కుంటూ కర్ణాటక వైపు వెళ్లిపోయాడు. అమ్మ మండీ ఊడ్చే పనికి కుదిరింది. బేరాలు ముగిశాక నేల ఊడ్చి, ఆ మట్టిలోంచి చెరుక్కున్న గింజలు ఊడ్చినవాళ్లవే. అదే కూలి. కరువులో మండీకి సరుకే అంతంతమాత్రం, ఇక నేల మీద దుమ్ము తప్ప ఏముంటుంది? మూటలు మోసే పెద్దాయన ఒకాయన్ని నేను మామా అని పిలిచేదాన్ని. మా అవస్థ చూడలేక, తన ఇంటికని తీసుకుపోతున్న రాగులు అమ్మ చాటలో పోయబోయాడు. అమ్మ చాట వెనక్కి లాక్కుంది. "ఊడ్చేదానికి వచ్చినానన్నా, అడుక్కునేదానికి కాదు" అంది. మా అమ్మది అంత మొండితనం. ఆ పూట నీళ్లు తాగి పడుకున్నాం.

మండీలో సరుకు చూడాలంటే సంచిలోకి ఇనుప గొట్టం గుచ్చి పిడికెడు గింజలు తీస్తారు. తీశాక ఆ చిల్లును వేలితో రుద్ది మూసేయాలి. మరునాడు మామ గొట్టం లాగాడు గానీ చిల్లు మూయలేదు. రాగులు సన్నగా కారుతున్నాయి. నేను మహా బుద్ధిమంతురాలిని కదా, పరుగెత్తుకెళ్లి చిల్లుకు అరచెయ్యి అడ్డం పెట్టి, "మామా, సంచి కారుతాండాది" అని మండీ అంతా వినబడేలా అరిచాను. మామ మొహం పాలిపోయింది. గద్దె మీద కూర్చున్న మండీ యజమాని శెట్టి తల ఎత్తి సంచిని చూశాడు, మామను చూశాడు, చీపురు పట్టుకుని నిలబడిపోయిన మా అమ్మను చూశాడు.

"చెయ్యి తీయి పాపా, కారనీలే. ఏమీ రాలకపోతే మీ అమ్మ ఏమి ఊడ్చల్ల?" అని మళ్లీ తమలపాకులకు సున్నం రాసుకోవడంలో పడ్డాడు.

ఆ సాయంత్రం మా ఇంట్లో సంగటి ఉడికింది. "ఈ పొద్దు బాగా ఊడ్చినాను" అంది అమ్మ, మా కంచాల్లో ముద్దలు పెడుతూ. అమ్మ తల వంచుకోవాల్సిన పని లేకుండా మా కడుపులు నింపిన ఆ ఇద్దరినీ తలుచుకోని రోజు లేదు నాకు.

ఇప్పుడు రోజూ అదే చోటికి సంగటి డబ్బా పట్టుకుని వెళతాను. పరీక్షలకు చదువుకునే ఒక అమ్మాయి దూరం నుంచి ఉత్త చేతులతో వస్తుంది. పెడతానంటే వద్దంటుంది, అచ్చం మా అమ్మే. అందుకని, "కళ్లు ఆనవు తల్లీ, కొంచెం పేపర్ చదివి పెట్టు" అంటాను. చదివి పెట్టినందుకు నాతో పాటు రెండు ముద్దలు తింటుంది. కంటి ఆపరేషన్ అయ్యాక నాకు సన్న అక్షరాలు కూడా చక్కగా కనిపిస్తున్నాయి. ఆ సంగతి ఆ పిల్లకు ఎవరూ చెప్పకండి.