బోర్డు రాసిన చెయ్యి

మదనపల్లెలో పందొమ్మిది వందల నలభై ఆరు నాటికి ఏ గోడకు బాడుగ బోర్డు వేలాడినా, ఆ అక్షరాలు పెయింటర్ మహబూబ్ బాషావే. "ఇల్లు బాడుగకు ఇవ్వబడును. పెరట్లో బావి కలదు. శిష్ట కుటుంబాలకు మాత్రమే." ఈ మూడు ముక్కలే పదేళ్లుగా రాశాడు. అక్షరం గుండ్రంగా కుదిరిందా అని చూసుకున్నాడే గానీ, అది ఎవరికి చెబుతున్న మాటో ఒక్కనాడూ ఆలోచించలేదు. అంత తెలివిగల మనిషి!

ఆ కార్తీకం వానలకు ఆయన ఇంటి గోడ కూలింది. నిండు చూలాలైన ఆయన భార్య మైమూన్ బీ పుంగనూరులో అన్న ఇంటి వసారాలో, గోనెపట్టా చాటున పడుకుంటోంది. కాన్పులోపు ఒక గది చూడమని భర్తకు కబురు మీద కబురు పంపుతోంది. మహబూబ్ బాషా తాను రాసిన బోర్డులే వెతుక్కుంటూ బయలుదేరాడు.

మొదటి ఇంటాయన "నిన్ననే ఇచ్చేసినాం" అన్నాడు. రెండో ఇంటాయనదీ అదే పాట. మిషన్ ఆసుపత్రి నర్సు హన్నా ఆ వీధిలోనే ఎదురై నవ్వింది. "నాకూ నిన్ననే ఇచ్చేసినామన్నారు బాషాన్నా. నెలనాళ్లుగా ఆ బోర్డు ఆడనే ఉండాది."

అప్పటికి గానీ ఆయన కళ్లు తెరుచుకోలేదు. బావి ఉందని రాయించింది నీళ్ల సుఖం చెప్పడానికి కాదు, దాంట్లో చేద వేయకూడనివాళ్లను గడప దగ్గరే ఆపడానికి.

అయినా ఆశ చావక మండీ దొరస్వామి దగ్గరికి వెళ్లాడు. ఆ ఇంటి పూజగది తలుపు మీద లక్ష్మీదేవి బొమ్మ వేసింది మహబూబ్ బాషానే. ఆనాడు అంటని మైల ఈనాడు అంటింది.

"నీకు తెలియందేముందప్పా, బోర్డు రాసిందే నువ్వు గదా?" అన్నాడు దొరస్వామి తాంబూలం నములుతూ. "ఎండకు అక్షరాలు ఎలిసిపోయినాయి. ఎట్లాగూ వచ్చినావు గాబట్టి, ఊరంతా కనబడేట్టు కొత్తగా రాసిపో."

ఇల్లు ఇవ్వనని చెప్పి, ఆ మాట ఈయన చేతే రాయించుకుంటాడట మహానుభావుడు! సిగ్గన్నది ఆ గడప తొక్కి ఎన్నాళ్లయిందో.

మహబూబ్ బాషా కుంచె తీశాడు. "తురకలకు, కిరస్తానీలకు, పంచములకు ఇల్లు ఇవ్వబడదు" అని జానెడేసి అక్షరాలతో రాశాడు.

దొరస్వామి పంచె ఎగ్గట్టుకుని వీధిలోకి వచ్చాడు. "ఇదేం రాతప్పా! నలుగురు సూస్తే నా పరువేం గాను?"

"నీ మనసులోదే రాసినానప్పా. ఒక్కక్షరం ఎక్కువ లేదు."

ఆ సాయంత్రం పుంగనూరు వసారాలో మైమూన్ బీ ఆత్రంగా లేచి కూర్చుంది. "ఇల్లు దొరికిందా?"

"లేదు," అన్నాడు, గోళ్లలో ఇరుక్కున్న రంగు గీక్కుంటూ. "ఆ తలుపులన్నీ ఇన్నేండ్లూ మూసింది నేనే."