తూర్పు తిరిగిన రంపం

మా పక్క వాటాలో వారం నుంచి అల్మారాల పని జరుగుతోంది. పనివాడు అరచేతిలో ఇమిడే కోతమిషను ఒకటి తెచ్చుకున్నాడు. గోడకు ప్లగ్గు గుచ్చి, మీట నొక్కి, ప్లైవుడ్డును అప్పడం తుంచినట్టు తుంచి పడేస్తున్నాడు. ఆ చప్పుడుకు అందరూ తలుపులు మూసుకుంటుంటే నేను మాత్రం కాఫీ గ్లాసు పట్టుకుని వాళ్ల గుమ్మం దగ్గర నిలబడుతున్నాను. "ఆ దుమ్ములో ఏముందని నిలబడతావమ్మా" అని మా అమ్మాయి విసుక్కుంటుంది. దానికేం చెప్పను? మా కాలంలో ఇంట్లో కరెంటు రంపం పెట్టడమంటే పెళ్లి చేసినంత పని. ఊళ్లు తిరిగి వెతకాలి, దిక్కులు చూడాలి, అలిగినవాళ్లను బతిమాలాలి. మా ప్రొద్దుటూరి ఇంట్లో ఆ పెళ్లి జరిగినప్పుడు నేను కొత్త కోడలిని.

కొత్త కోడలినే గానీ ఆ ఇల్లు నాకు కొత్త కాదు. మా నాయన అక్కే మా అత్త. మేనరికం కాబట్టి జమ్మలమడుగులో లంగా కట్టుకుని తిరిగిన పిల్లనే ప్రొద్దుటూరులో చీర కట్టుకుని తిరిగాను, అంతే తేడా. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయి నాలుగైదేళ్లయిన రోజులవి. మామ హైస్కూల్లో లెక్కల అయివారు. పౌరోహిత్యం చేసుకునే వంశంలో పుట్టి, లెక్కలు చెప్పుకుని బతికినా, ఆయన ప్రాణమంతా చెక్కపనిలో ఉండేది. బడి వదలగానే వసారాలో రంపం, చిత్రిక, ఉలి ముందేసుకుని కూర్చునేవాడు. మా వీధిలో ఆయన చేసిన పీట లేని ఇల్లు లేదు. ఊరికే ఇచ్చేవాడు కాబట్టి వంక పెట్టే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు గానీ, కొన్ని పీటలు మీద కూర్చున్నవాళ్లతో పాటు కొంచెం ఊగేవి. ఒకాయన అలాంటి పీట మీదే భోంచేసి, "అయివారూ, పప్పు బాగుంది, పీటా బాగుంది, నేనే సరిగా కూర్చోలేదు" అని పోయాడు.

రిటైరవడానికి కొద్దిగా ముందు, ఎర్రగుంట్ల దారిలో లారీకి పక్కకు జరగబోయి మామ సైకిలుతో సహా గుంటలో పడ్డాడు. కుడి భుజం జారింది. పుత్తూరు పోయి కట్టు కట్టించుకొచ్చాడు. నొప్పి పోయింది, అన్నం కలుపుకోవడానికీ సుద్దముక్క పట్టుకోవడానికీ చెయ్యి పనికొచ్చింది. కానీ రంపాన్ని ముందుకూ వెనక్కూ ఆడించే బలం మాత్రం తిరిగి రాలేదు. బడి కూడా అయిపోయాక ఆ మనిషి వసారాలో ఖాళీ నేలను చూస్తూ కూర్చునేవాడు. పేపరు తెరిచిపెట్టుకుని పేజీ తిప్పేవాడు కాదు. సగం అన్నంలో లేచిపోయేవాడు. వాడకం లేక పనిముట్లు తుప్పు పడుతుంటే అత్తే కొబ్బరినూనె గుడ్డతో తుడిచిపెట్టేది. మామ ఇట్లాగే కూర్చుంటే ఎక్కువ కాలం ఉండడని నాకూ అనిపించింది, అత్తకూ అనిపించింది. పైకి మాత్రం ఇద్దరం అనుకోలేదు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున మామ నన్ను పిలిచి, "అమ్మా, మీ అత్తతో చెప్పు. కరెంటు రంపం పెట్టించుకుందామనుకుంటాండా. దాన్ని ఆడించే పని లేదు. చెక్కను తోస్తే చాలు, అదే కోసుకుంటాది" అన్నాడు. అత్త తలుపు వెనకే ఉంది, అంతా వింటూనే ఉంది. అయినా నేను చెప్పవలసిందే. మనుషుల ముందు మొగుడూ పెళ్లాం నేరుగా మాట్లాడుకోవడం ఆ ఇంట్లో లేదు. అంతకు ముందు మాటలు మోసే పని మా ఆయనది. ఆయనకు కడపలో గుమాస్తా ఉద్యోగం వచ్చి ఆదివారాలు మాత్రమే వచ్చే మనిషి అయ్యాక అది నా మెడకు చుట్టుకుంది. గడపకు ఈ పక్క నుంచి ఆ పక్కకు మాటలు మోసి మోసి, ఒక్కోసారి నేనే రెండు మాటలు కలిపి, రెండు తీసేసేదాన్ని. ఆ రోజు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను.

"మీ మామతో చెప్పు" అంది అత్త. "మా తమ్ముని చెయ్యి చూసినాక కూడా ఆ మాట నోట్లోంచి ఎట్ల వచ్చెనో అడుగు."

తమ్ముడంటే మా నాయనే. పెళ్లికి ముందు ఆయన ప్రొద్దుటూరులో ఒక దూది మిల్లులో గుమాస్తాగా ఉండేవాడు. తిరుగుతున్న బెల్టులో చెయ్యి పడి కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. పుండు మానేదాకా అత్త ఆయన్ను తన ఇంట్లో పెట్టుకుని, చంటిపిల్లవాడికి పెట్టినట్టు ముద్దలు పెట్టింది. నేను పుట్టినప్పటి నుంచీ ఆ చేతినే చూశాను కాబట్టి నాకది మామూలు చెయ్యే. అత్తకు మాత్రం ఏనాడూ మామూలు కాలేదు. మా నాయన వడ్డన కాగానే విస్తరి దగ్గర చెయ్యి పెడితే ఆమె మొహం పక్కకు తిప్పుకునేది. ఇప్పుడు అదే రకం బెల్టు, దానికి పళ్ల చక్రం కూడా తగిలించి, మొగుని చేతి పక్కన తిప్పుతారంటే ఆమె ఎట్లా ఒప్పుకుంటుంది?

నెల రోజులు ఆ ఇంట్లో నేను మోయడానికి మాటలే లేవు. చివరకు మా నాయనే వచ్చి అక్క ముందు కూర్చున్నాడు. "అక్కా, నా వేళ్లు పాయ. నా బతుకు పోలేదు గదా. బావను చూడు, వేళ్లు పదీ ఉండాయి, మనిషే లేడు" అన్నాడు. అత్త చేటలో బియ్యం ఏరడం ముగించింది. తరువాత నాతో, "సరే, పెట్టుకోమని చెప్పు. నన్ను మాత్రం ఆ పక్కకు రమ్మనొద్దని కూడా చెప్పు" అంది.

ఇక మామను పట్టేవాళ్లు లేరు. మోటరు పులివెందుల నుంచి వచ్చింది. అక్కడ ఆయన పాత శిష్యుడొకాయన, గొర్రెల మందల ఇంటివాడు, శనక్కాయలు ఒలిచే మిల్లు నడిపేవాడు. పెద్ద మోటరు కొనుక్కుని పాతదాన్ని అయివారికి ఇస్తానన్నాడు. దాన్ని గొంగడిలో చుట్టి, బస్సులో తన పక్కనే పెట్టుకుని తెచ్చాడు. గుమ్మంలో దించి, "సామీ, శానా అరుస్తాది. భయపడొద్దు. అరిచేదే గానీ కరిచేది కాదు" అన్నాడు. కరిచేది రంపమని లోపలి నుంచి అత్త గొణిగింది. పళ్ల చక్రం, ఇరుసు మద్రాసు నుంచి రైల్లో ఎర్రగుంట్లకు వచ్చాయి. బల్ల ఒక్కటే మిగిలింది. ఇనప బల్ల మా తాహతుకు మించినది. మా పక్క బండలకేం కొదవ? చాప పొడవు నల్లటి నాపబండను తెప్పించి, అద్దంలా నునుపు పట్టించి, మధ్యలో చక్రం లేచేంత సందు ఉలితో కొట్టించారు. కరెంటాఫీసు నుంచి తీగ వేయడానికి వచ్చిన మనిషి ఆ బండను చూసి, "ఏంది సామీ, ఇంత పెద్ద దోసె పెనం యాడ దొరికె మీకు" అన్నాడు. మామ చాలా రోజుల తరువాత ఆ వేళ గట్టిగా నవ్వాడు. లోపల పనిలో ఉన్న అత్త చేతులు ఆగిపోవడం నేను చూశాను.

దిక్కు చూసింది పురోహితుడైన మామ అన్నగారు. పని చేసే మనిషి తూర్పు ముఖంగా నిలబడాలని ఆయన శాసనం. మా ఇంటికి దక్షిణం వైపు పొడుగాటి వసారా. దాని తూర్పు కొసన, ఆగ్నేయం మూల, వంటిల్లు. వసారాలో స్తంభాలు కట్టి, వాటి మీద బండను సిమెంటుతో కదలకుండా పాతారు. చక్రం తూర్పుకు, మామ తూర్పుకు, అంతా శాస్త్ర ప్రకారం కుదిరింది. బెల్టు పొడవెంత, చక్రం ఎన్నిసార్లు తిరుగుతుంది, బల్ల ఎత్తెంత అని మామ నేలంతా సుద్దతో లెక్కలు రాశాడు. అన్నిటికీ లెక్క వేశాడు గానీ తోసిన చెక్క ముందుకు పోతుంది గదా, పోయి ఎక్కడ తేలుతుంది అన్నది మాత్రం లెక్కలోకి రాలేదు. బండ పాతిన పనివాళ్లకూ, దిక్కు చూసిన పురోహితునికీ, ఎదురుగా నిలబడి చూసిన నాకూ ఎవ్వరికీ తట్టలేదు.

మంచి రోజు చూసి పూజ చేశారు. చక్రానికి పసుపు కుంకుమ, మోటరుకు ఒక మూర బంతిపూలు. పెదమామ మంత్రం చెప్పి, భోజనానికి వస్తానని ఇంటికి పోయాడు. అత్త మడి కట్టుకుని, ఇటు వీపు పెట్టి నైవేద్యానికి వంట చేస్తోంది. మీట దగ్గర నన్ను నిలబెట్టారు. మామ బండ మీద టేకు పలకను సర్ది, తల ఊపాడు. నేను మీట వేశాను. పూలు చెల్లాచెదురుగా ఎగిరిపోయాయి. ఇల్లంతా గుయ్యిమంది. పలక కొస చక్రానికి తగలగానే టేకు పొట్టు వాసన గుప్పుమంది. మామ మొహం చూశాను. బండలా బిగుసుకుపోయిన ఆ మొహం నా కళ్ల ముందే మెత్తబడింది.

పలక నెమ్మదిగా ముందుకు పోయింది. బండ దాటింది. వసారా దాటింది. వంటింటి గడప మీదుగా నడుము ఎత్తున లోపలికి మూతి పెట్టింది. మనిషిన్నర పొడవుండే పలక. గాల్లోకి పోయిన కొస బరువై కిందికి వంగుతుంటే, మామ వైపు కొస పైకి లేస్తోంది. దాన్ని అణచడానికి ఆయన బలం లేని కుడిచెయ్యి కూడా వేశాడు. ఆ చెయ్యి నున్నటి చెక్క మీద చక్రం పక్కకు జారుతోంది. "మామా" అని అరిచి మీట ఎత్తేశాను. ఎత్తితే మాత్రం? అంత బరువు చక్రం వెంటనే ఆగుతుందా?

అప్పుడు అత్త తిరిగి చూసింది. గరిటె పడేసి, మడిబట్టతోనే వచ్చి, పలక కొసను రెండు చేతులతో పట్టుకుని పైకెత్తింది. చెక్క మళ్లీ బండకు ఆనింది. మామ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చక్రం నిదానంగా నిలిచిపోయింది. పొయ్యి మీద పప్పు పొంగి మంటలో పడిన చప్పుడు ఒక్కటే వినిపించింది. ఇక ఈ ఇంట్లో ఈ మిషను తిరగదని నేను అనుకున్నాను. మామ కూడా అదే అనుకున్నట్టు తల దించుకున్నాడు.

అత్త నావైపు చూసి, "ఎందుకే ఆపినావు? వెయ్యి" అంది. నేను కదల్లేదు. అప్పుడామె నన్ను వదిలేసి, పలక పొడవునా చూసి, ఆ చివర ఉన్న మనిషితో నేరుగా అంది. "మీరు తొయ్యండి. ఈ కొస నేను పట్టుకొని ఉండా."

ఆమె ఆయనతో మాట్లాడటం నేను వినడం అదే మొదలు. మామ గొంతు సవరించుకుని, "నిదానంగా తోస్తా. నువ్వు లాగొద్దు, ఊరికే పట్టుకో" అన్నాడు. నేను మీట వేశాను. ఆమె పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ని తలుచుకుంటోందో చప్పుడులో వినపడలేదు. కళ్లు మాత్రం ఆయన చేతుల మీద నుంచి పక్కకు పోలేదు. పలక రెండుగా చీలి ఆమె చేతుల్లోకి వచ్చింది. మడిబట్ట నిండా పొట్టు, జుట్టు నిండా పొట్టు, పప్పు నిండా పొట్టు. మళ్లీ స్నానం, మళ్లీ వంట. భోజనానికి వచ్చిన పెదమామ ఆకలితో మెలికలు తిరుగుతూ ఆలస్యం ఎందుకైందని అడిగితే, "దిక్కు బాగా కుదిరింది అన్నా" అన్నాడు మామ. అది వేళాకోళమో నిజమో ఆ ముసలాయనకు చివరిదాకా తెలియలేదు.

మిషను తిప్పి పెడదామన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. వంట ముగిసి, మడిబట్ట మారాక, అత్త గడప లోపల వచ్చి నిలబడితేనే మీట పడేది. ఆమె ఊళ్లో లేని రోజు రంపానికి సెలవు. కొన్నాళ్లకు పొడుగాటి పట్టీలా తిరిగే పట్టీరంపం కూడా కొన్నప్పుడు పెదమామను ఎవరూ పిలవలేదు. అత్తే నడుం మీద చెయ్యి పెట్టుకుని వసారా అంతా చూసి, చెక్క ఇట్ల వస్తాది, నేను ఆడ నిలబడతా అని చోటు చెప్పింది. మామ మళ్లీ విస్తరి ఖాళీ చేసి లేచేవాడు. పెళ్లిపీటలు, ఉయ్యాల బల్లలు, పక్క వీధి నేతగాళ్లకు మగ్గం పలకలు, ఎన్నో చేశాడు. అవేవీ ఊగలేదు. కోతకూ కోతకూ మధ్య ఇద్దరూ ఆ చివరా ఈ చివరా నిలబడి ఏవో మాట్లాడుకునేవాళ్లు. నాకు మాటలు మోసే పని పోయింది. మొదట్లో కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది.

చాలా ఏళ్లు అట్లా గడిచాక, ఒక చలికాలంలో జ్వరం వచ్చి మామ పోయాడు. చేతులకు గీత కూడా పడకుండా పోయాడు. కర్మలన్నీ అయ్యి చుట్టాలు వెళ్లిపోయాక, సగం కోసిన పలక ఒకటి బండ మీద అట్లాగే ఉంది. ఎవరో పొరుగావిడ పీట అడిగితే మొదలుపెట్టినది. ఒక మధ్యాహ్నం అత్త వచ్చి, "అది కోసేద్దాం రా. నువ్వు తొయ్యి" అంది. మామ నిలబడిన చోట నిలబడ్డాను. పలక మీద చెయ్యి ఆనించి మళ్లీ వెనక్కి తీసుకున్నాను. "నీకు భయం ఎప్పుడు పోయింది అత్తా?" అని అడిగాను, ధైర్యం చెబుతుందేమోనని.

"పోలేదు" అంది. "యాడికి పోతాది? ఆయన తోసిన ప్రతి చెక్కకూ భయపడినా. భయపడతానే పట్టుకున్న్యా."

ఆమె ఆ మాట అన్నప్పుడు నాకు నలభై కూడా లేవు, సరేలెమ్మని చెక్క తోశాను. అది అర్థం కావడానికి నేనూ మా ఆయనను ఆసుపత్రులకు తిప్పి, ఆయన చేతిని కడదాకా పట్టుకుని కూర్చోవలసి వచ్చింది. ఆమె నాలుగు మాటల్లో చెప్పింది వినడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది.