తాబేలైతే వదిలేసేవాళ్ళు

ఆదివారం నేను సముద్రంలోంచి బయటికొచ్చిన వీడియో మీలో సగం మందికి ఇప్పటికే అందే ఉంటుంది. నల్ల డ్రస్సు, పసుపు టోపీ వేసుకుని చేపల మధ్యలోంచి లేచి నిలబడ్డవాడు నేనే. కాదని బుకాయించే దశ దాటిపోయింది. కాబట్టి టీ తెప్పించండి, అసలేం జరిగిందో నా నోటితోనే వినండి. వీడియోలో ఉన్నది సగమే. మిగతా సగం ఇంకా అధ్వాన్నం!

నాకో జబ్బుంది. ఏదైనా బాగుందనిపిస్తే చాలు, మొదలుపెట్టేస్తాను. కోటబొమ్మాళిలో మేడ మీద గది తీసుకుని బ్యాంకు పరీక్షలకి లెక్కలు చెప్పడం అలాగే మొదలుపెట్టాను. అది నిలదొక్కుకుంది. ఆ ఊపులో ట్రయాథ్లాన్ క్లబ్బు కూడా పెట్టేశాను. అంటే ముందు ఈత, ఒడ్డుకి రాగానే తడి బట్టల్తోనే సైకిలు, సైకిలు దిగగానే పరుగు. మధ్యలో కూర్చోవడాలూ కాఫీలూ ఉండవు. ఇది విన్న ప్రతివాడూ మా ఊళ్ళో ఒకటే అడిగాడు: "ఎవుడు తరుముతున్నాడ్రా మిమ్మల్ని?"

క్లబ్బులో ముగ్గురం. కెప్టెన్ సునీత మేడమ్, హైస్కూల్లో ఆటల టీచరు. మాలో ఈత నిజంగా వచ్చింది ఆవిడకొక్కరికే. రెండు, మా పైడిరాజు బావ. కరెంటు లైన్‌మన్. స్తంభాలెక్కి ఎక్కి కాళ్ళు ఇనుములా తయారయ్యాయి. మూడు, నేను. నా కాళ్ళు మామూలువే, చేతులు అంతకంటే మామూలువి. నా బలమంతా బుర్రలో ఉందని నా నమ్మకం.

మాకు పోటీ చీపురుపల్లి జట్టు. వాళ్ళూ ముగ్గురే. ఒకే రంగు టీషర్టులు, దానికి తగ్గ హెల్మెట్లు. వాళ్ళ కెప్టెన్ పేరు వాసు. రూలేమిటంటే, ముగ్గురి టైములూ కలిపితే ఎవరిది తక్కువైతే వాళ్ళది గెలుపు. ఒక్కడు పూర్తి చెయ్యకపోయినా జట్టంతా అవుట్. కప్పు సంగతి పక్కన పెట్టండి, అసలు పందెం వేరే ఉంది. ఓడిన జట్టు గెలిచిన జట్టు సైకిళ్ళని అక్కడికక్కడే అందరి ముందూ కడగాలి. కిందటి రేసులో మేమే కడిగాం. నేను వంగి వాసు సైకిలు చక్రం తోముతున్న ఫోటోని వాడు వాట్సాప్ గ్రూపుకి డీపీగా పెట్టాడు. తీసెయ్యరా బాబూ అంటే, "మీరు గెలవండి, ఆ రోజే తీస్తాను" అన్నాడు.

అదండీ సంగతి. ఆదివారం నేను ఈదింది కప్పు కోసం కాదు, ఆ డీపీ కోసం.

రేసు పెట్టింది మా వైపు తీరంలో, ఒక వేటపల్లెలో. నా దగ్గర చదువుకునే ధనలక్ష్మిది ఆ పల్లే. వాళ్ళ తాత ఎర్రయ్య అక్కడ పెద్దమనిషి. ఆయనతో మాట్లాడి ఆ అమ్మాయే మాకు ఒప్పందం కుదిర్చింది. పడవలు లాగి పెట్టే చోటుకి ఉత్తరాన వాళ్ళు పెద్దవల వేసుకుంటారు, దక్షిణాన మేం ఈదుకుంటాం. పెద్దవలంటే తెలుసుగా? పడవలో తీసుకెళ్ళి సముద్రంలో పెద్ద చుట్టు చుట్టి దించుతారు. రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకి తెచ్చి, రెండు గుంపులుగా నిలబడి లాగుతారు. వల మధ్యలో ఉన్న సంచి చేపల్తో సహా ఇసక మీదికి వస్తుంది.

మేం ఎక్కడిదాకా ఈదాలో తెలియడానికి నీళ్ళ మీద గుర్తులుండాలి కదా. సునీత మేడమ్ గాలి నింపే నారింజ రంగు బంతులు తెప్పిద్దామన్నారు.

"ఎందుకు మేడమ్ దండగ? ఎర్రయ్య తాత దగ్గర వలలకి కట్టే తెల్ల క్యాన్లు బోలెడున్నాయి. అవి కడదాం" అన్నాను.

ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నేనే అన్నాను.

శనివారం సాయంత్రం నేనొక్కణ్ణే తీరానికి వెళ్ళాను. నేను రోజూ క్లాసులో చెప్పే పాఠం ఉంది, పడవలూ ప్రవాహాలూ అని. ప్రవాహంతోపాటు వెళ్తే వేగం కలపాలి, ఎదురు వెళ్తే తీసెయ్యాలి. అది సముద్రానికి మాత్రం ఎందుకు వర్తించదు? తాగేసిన కొబ్బరిబోండం ఒకటి నీళ్ళలోకి విసిరి, గడియారం చూసుకుంటూ దాని వెంట ఒడ్డున నడిచాను. బోండం దక్షిణంగా కొట్టుకుపోయింది. అద్భుతం! అందరూ తిన్నగా క్యాను వైపు ఈదుతారు, ప్రవాహం పక్కకి తోస్తుంది, దాంతో కుస్తీ పడి అలిసిపోతారు. నేను మాత్రం ముందే కాస్త ఉత్తరంగా గురిపెట్టి ఈదుతాను. ప్రవాహమే నన్ను తీసుకొచ్చి క్యాను దగ్గర దింపుతుంది. ఆటోలో వెళ్ళినట్టు!

బావకి చెబితే, "రేపు కూడా అటేపే లాగుతాదని నీకు బోండం సెప్పిందా?" అన్నాడు. లైన్‌మన్‌కి ప్రవాహం అంటే కరెంటే కదా అని నవ్వుకున్నాను.

ఆదివారం పొద్దున్న విజిల్ పడింది. అందరూ నీళ్ళలోకి దూకి తిన్నగా వెళ్ళారు. నేను ఉత్తరంగా గురిపెట్టి వెళ్ళాను. రాత్రికి రాత్రి గాలి మారిందనీ, ప్రవాహం కూడా ఉత్తరానికే తిరిగిందనీ సముద్రం నాకు చెప్పలేదు. అంటే నేను తీసెయ్యాల్సిన చోట కలుపుకుంటూ పోతున్నాను.

కాసేపటికి తలెత్తి చూస్తే చుట్టుపక్కల ఒక్కడు లేడు. అప్పుడు నా బుర్ర ఏం చెప్పిందో తెలుసా? "అందర్నీ దాటేశావు, తిరుపతీ!" అంది. దూరంగా మా కాపలా పడవలోని మనిషి లేచి నిలబడి రెండు చేతులూ ఊపుతూ అరుస్తున్నాడు. పాపం, ఎంత అభిమానమో! ఈదుతూనే ఒక చెయ్యి పైకెత్తి బొటనవేలు చూపించాను.

అంతలో ఎదురుగా తెల్ల క్యాన్లు! వరసగా, ముచ్చటగా, వంపు తిరిగి. నా లెక్కకి నాకే కళ్ళు చెమర్చాయి. క్యాన్లని కుడిచేతి వైపు ఉంచుకుని చుట్టి రావాలని రూలు. అలాగే ఉంచుకుని ఒడ్డు వైపు తిరిగాను. మేం కట్టినవాటి కంటే ఎక్కువ ఉన్నాయే అని ఒక అనుమానం వచ్చింది. మేడమ్ ముందుచూపుతో ఇంకొన్ని కట్టించి ఉంటారులే అనుకున్నాను.

మొదటి చేప మోకాలికి తగిలింది. రెండోది పొట్టకి. మూడోది గాల్లోకి ఎగిరి నా ఈత కళ్ళజోడు మీద చెంపదెబ్బలా కొట్టింది. ఈత నేర్పే వీడియోల్లో చేపల సంగతి ఎవడూ చెప్పలేదు! పోనుపోను నీళ్ళ కంటే చేపలే ఎక్కువయ్యాయి. కాలు కింద పెడితే వల. పక్కకి చెయ్యి చాపితే వల. ఒడ్డు నుంచి పాటలాగా కేకలు. ఒక్కో కేకకీ నేను, చేపలు, అందరం కలిసి ఒడ్డుకి జరుగుతున్నాం.

నడుంలోతు నీళ్ళలో లేచి నిలబడ్డాను. తాడు లాగుతున్న జనం తలలన్నీ నా వైపు తిరిగాయి.

"ఓలమ్మో! తాబేలనుకున్నాం, మనిసి లేసినాడే!" అంది ఒకావిడ.

"సార్?" గుంపులోంచి ఒక గొంతు. ధనలక్ష్మి. ఒక చేతిలో తాడు, ఇంకో చేతిలో ఫోను. "మీరేటి సార్, వలలో ఉన్నారు?"

ఆ వీడియో అక్కడితో ఆగిపోతుంది. ఎందుకంటే ఆ తర్వాత ఆ అమ్మాయికి నవ్వు ఆగలేదు.

నేను గబగబా వల తొక్కుకుంటూ, క్యాన్ల తాడు కిందికి నొక్కి దాటుకుంటూ బయటపడ్డాను. ఆ సందులోంచి చేపలు కూడా నాతోపాటే బయటపడ్డాయి. అవి సముద్రంలోకి, నేను ఒడ్డుకి. సైకిలు వైపు పరుగెత్తబోతే ఎర్రయ్య తాత అడ్డం నిలబడ్డాడు.

"ఎక్కడికి బాబూ లగెత్తుతున్నావు?"

"తాతా, రేసు! సైకిలెక్కాలి. తర్వాతొచ్చి క్షమాపణ చెప్తాను!"

"సమాపన ఎవులిక్కావాల? నువ్వు తొక్కీసరికి సగం సేపలెల్లిపోనాయి. ఇక్కడ వల కాడికొచ్చినోడు ఎవుడైనా తాడట్టుకోవాల. సంచి మెట్టకొచ్చీదాకా ఒగ్గకూడదు. అదే మా పద్దతి."

"నేను రాలేదు తాతా, కొట్టుకొచ్చాను!"

"తాబేలైతే ఒగ్గీసీవోళ్ళం. దణ్ణమెట్టి మరీ పంపుతాం. నువ్వు మనిసివి. అట్టుకో తాడు."

పట్టుకున్నాను. ఏం చెయ్యమంటారు? ఆయన న్యాయం ఆయనకుంది. లాగుతూనే బుర్రలో లెక్క మొదలైంది: ఇంతమంది, ఇంత తాడు, అడుగుకి ఇంతసేపు... ఈలోగా వాసు నీళ్ళలోంచి వచ్చి, సైకిలెక్కి, నన్ను చూసి, పడిపోబోయి, తమాయించుకుని వెళ్ళిపోయాడు.

ఇంతలో పైడిరాజు బావ తీరమంతా నన్ను వెతుక్కుంటూ పరుగెత్తుకొచ్చాడు. తన రేసు వదిలేసి మరీ! బంగారం లాంటి మనిషి. నేను కనిపించాక ఆ బంగారం నోటినుంచి వచ్చినవన్నీ ఇక్కడ చెప్పలేను.

"నువ్వు ములిగిపోనావనుకుని నేనొస్తే, సేపలు లాగుతున్నావేట్రా! ఒగ్గీయ్! రా బేగి!"

"ఎవులీ బాబు? మీ వోడేనా?" అన్నాడు ఎర్రయ్య తాత. "నువ్వూ అట్టుకో."

బావ ఆయన చూపు చూసి తాడు పట్టుకున్నాడు. మరి కాసేపటికి రిఫరీ గారొచ్చారు. శ్రీకాకుళంలో ఈత నేర్పి రిటైరైన పెద్దాయన, మెడలో విజిల్, చేతిలో అట్ట. "ఏమయ్యా, ఏం జరుగుతోందిక్కడ?" అని గట్టిగా అడిగారు.

"తమరు కూడా ఒక సెయ్యెయ్యండి బాబూ, బేగి అయిపోతాది" అంది ఇందాకటి ఆవిడ.

రిఫరీ గారు కళ్ళజోడు జేబులో పెట్టుకుని, అట్ట ఇసకలో గుచ్చి, తాడు పట్టుకున్నారు. ఆయనకి ఈ పనిలో నాకంటే మంచి ఊపుంది.

సంచి ఒడ్డుకొచ్చింది. పోగా మిగిలినవే అయినా కవళ్ళ చేపలు మిలమిలలాడుతున్నాయి. సైకిలు వైపు దూకుతుంటే ఎర్రయ్య తాత మళ్ళీ ఆపాడు. ఒక ప్లాస్టిక్ సంచీ నా చేతిలో పెట్టాడు.

"నీ వాటా. సెయ్యేసినోడు ఉత్తసేతుల్తో ఎల్లకూడదు."

వద్దంటే మళ్ళీ పంచాయతీ. హ్యాండిలుకి తగిలించుకుని తొక్కాను. ఇరవై కిలోమీటర్లు, దారిలో ఊళ్ళు. మొదటి ఊళ్ళోనే ఒకావిడ పళ్ళెం పట్టుకుని రోడ్డు మధ్యకొచ్చేసింది.

"సేపలబ్బీ! ఆగు! కవళ్ళేనా?"

"అమ్మకానికి కాదమ్మా! రేసులో ఉన్నాను!"

"ఈ డ్రస్సేటి? కొత్తగా అమ్ముతున్నావా?" అంటూ సంచీలో చెయ్యి పెట్టి ఒక చేప మొప్ప ఎత్తి చూసింది. "తాజాగానే ఉన్నాయి. సెప్పు మరి, ఎలాగిస్తావు?"

సంచీ మొత్తం ఆవిడ పళ్ళెంలో బోర్లించి పారిపోయాను. వెనకనుంచి ఆవిడ, "రేపు కూడా ఇటే రా నాయనా!" అని దీవించింది.

ఆ తర్వాత నేను తొక్కిన తొక్కుడు, పరుగెత్తిన పరుగు మళ్ళీ జన్మలో నావల్ల కాదు. గీత దాటి ఇసకలో పడిపోయాను. పడుకునే లెక్క కట్టాను. సునీత మేడమ్ అందరికంటే ముందొచ్చారు. బావ వల దగ్గర పోగొట్టుకున్నదంతా సైకిలు మీద రాబట్టాడు. చీపురుపల్లి మూడో మనిషికి కాలు పట్టేసి పరుగంతా నడిచాడు, నా తర్వాత చాలాసేపటికి గీత దాటాడు. మా ముగ్గురివీ కలిపాను. వాళ్ళవి కలిపాను. మళ్ళీ కలిపాను. మేమే! వెంట్రుకవాసిలో మేమే!

"మేడమ్! గెలిచాం!" అని లేచి గంతులేశాను. "వాసూ, డీపీ మార్చు!"

వాసు ప్రశాంతంగా రిఫరీ గారి దగ్గరికెళ్ళాడు. "సార్, ఈయన మన క్యాన్లు చుట్టి రాలేదు. వల లాక్కొచ్చింది" అన్నాడు.

"సాక్ష్యం ఏది?" అని నేను గర్జించాను.

రిఫరీ గారు కళ్ళజోడు తుడుచుకుంటూ నా వైపు జాలిగా చూశారు. ఆయన అరచేతుల్లో తాడు గీతలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"నాయనా, లాగినవాళ్ళలో నేనూ ఉన్నాను కదా. ఈతంటే నువ్వు రావాలి. నిన్ను తేకూడదు."

మేం అవుట్. సునీత మేడమ్ బక్కెట్టు తెచ్చి నా ముందు పెట్టారు. "నారింజ బంతులు" అని మెల్లగా గొణుక్కోవడం వినపడింది. మూడు సైకిళ్ళూ నేనే కడిగాను, ఆ చేపల చేతుల్తోనే. చీపురుపల్లిలో పిల్లులు తన సైకిలుని వదలడం లేదని వాసు నిన్న గ్రూపులో పెట్టాడు. నాకు మిగిలిన ఆనందం అదొక్కటే. డీపీ మారింది లెండి. ఇప్పుడు వల మధ్యలో నిలబడి నేను!

సోమవారం క్లాసుకెళ్ళాను. ఖర్మకొద్దీ ఆ రోజు పాఠం పడవలూ ప్రవాహాలే. బోర్డు మీద హెడ్డింగు రాసి వెనక్కి తిరిగేసరికి అందరూ పుస్తకాల చాటున దాక్కున్నారు. ధనలక్ష్మి లేచి నిలబడింది.

"సార్, ఒక డౌటు."

"అడుగు."

"ఒక మనిసి, ఒక తాబేలు ఒకే వలలో పడ్డారు సార్. వల ఒకే ఏగంతో లాగుతున్నారు. ముందెవులు బయటపడతారు?"

నేను అలవాటుకొద్దీ చాక్‌పీసు తీసుకుని, "వల వేగం ఎక్స్ అనుకుందాం..." అని మొదలెట్టేశాను కూడా.

"తాబేలు సార్!" అని క్లాసంతా ఒక్కసారి అరిచింది.

ఎక్స్ చెరిపేశాను. జవాబు పక్కన టిక్కు పెట్టి, వెళ్ళి కూర్చున్నాను.