చిన్నాయన తప్పిన పేషీ

నా చిన్నప్పుడు, నాకు ఎనిమిదేళ్లు నిండిన ఏడాది, మా చిన్నాయన ఇంట్లోంచి మాయమయ్యాడు. కోరుట్ల పక్కన మా ఊళ్లో ఆయన తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. కల్లు దుకాణం దగ్గర కొట్లాటలో ఒకాయన తల పగిలితే, అక్కడున్న నలుగురితో పాటు చిన్నాయన మీదా కేసు పడింది. ఆయన చెయ్యే ఎత్తలేదని ఊరంతా అనేది. పక్కింటి పెద్దయ్య తన పొలం కాగితాలు పెట్టి, పూచీ పడి, జమానతు ఉండి విడిపించుకొచ్చాడు. అప్పటినుంచి నెలకోసారి జగిత్యాల కోర్టులో పేషీ. ప్రతి వాయిదాకూ చిన్నాయన పొద్దున్నే బయలుదేరి వెళ్లేవాడు.

మొదట తప్పింది ఒక్క రోజే. ఆ తెల్లవారుజామున ఆయన మూడు నెలల బిడ్డ జ్వరంతో చనిపోయింది. మధ్యాహ్నం దాకా ఆ పసిదాన్ని ఆయన ఒడిలోంచి దించలేదు. కోర్టు సంగతి ఎవరికి గుర్తొస్తుంది? అక్కడ మాత్రం పేరు పిలిచారు. పలికినవాళ్లు లేరు. బెయిలు రద్దయింది, వారెంటు వచ్చింది. దొరికితే జైలేనని ఎవరో అనగానే చిన్నాయన బెదిరిపోయి, వకీలునైనా కలవకుండా, చిన్నమ్మను ఆ దుఃఖంలోనే వదిలేసి వెళ్లిపోయాడు.

ఇంకో రెండు పేషీలు పోయాయి. పోలీసులు వచ్చి ఇల్లు వెతుకుతుంటే చిన్నమ్మ గోడకానుకొని కూర్చునేది, తలెత్తేది కాదు. మనిషిని తెస్తావా, జమానతు సొమ్ము కడతావా అని పెద్దయ్యకు కోర్టు నోటీసు వచ్చింది. ఆయన ఎవరినీ తిట్టలేదు. చిన్నాయన సిరిసిల్లలో బట్ట నేసే సాంచెల మీద పనికి కుదిరాడని ఆరా తీసి, ఒకరోజు నన్ను రమ్మన్నాడు. చిన్నాయనను చూడబోతున్నానని నేను ఎగురుకుంటూ బస్సెక్కాను.

మరమగ్గాల చప్పుడుకు ఆ షెడ్డు అదురుతోంది. పెద్దయ్య గోడ చాటున నిలబడి, నన్ను పిలవమన్నాడు. గొంతు పగిలేలా పిలిచాను. జుట్టు నిండా పత్తి నుసితో చిన్నాయన పరుగున వచ్చి నన్ను ఎత్తుకున్నాడు. అప్పుడు పెద్దయ్య ఇవతలికి వచ్చాడు. నన్ను పట్టుకున్న చేతులు సడలిపోయాయి.

"పొల్లను ఎర పెట్టినవా పెద్దయ్యా?"

"పెట్టిన. నేనొక్కన్నే అస్తే నువ్వు ఆగకపోదువు." ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. "బిడ్డ సచ్చిపోయిందని మర్నాడే పోయి చెప్తే జడ్జి ఇనకపోవునా? చెప్పకపోతే, తప్పు చేసిండు గనుకనే ఉరికిండని రాసుకుంటరు. ఇప్పటికన్న నీ కాళ్ల మీద నువ్వు నడిచి పోరా. నీ పక్కకే నేను నిలవడత."

"చేతుల బిడ్డ ఉండె పెద్దయ్యా... ఎట్ల పోదును?" అంటూ చిన్నాయన అక్కడే కూర్చుండిపోయి ఏడ్చాడు.

మర్నాడు చిన్నాయన పెద్దయ్య వెంట జగిత్యాల కోర్టుకు వెళ్లాడు; వారెంటు రద్దు చేయమని వకీలు అర్జీ పెట్టాడు. బిడ్డ మాట వచ్చినప్పుడు మెజిస్ట్రేటు కాసేపు రాయడం ఆపాడు. కానీ మూడు పేషీలు తప్పి, ఊరు విడిచిన మనిషి. రిమాండుకు పంపక తప్పలేదు. మొదటి వారమే వస్తే ఇంటికి పంపేవారేమోనని వకీలు అన్నాడు.

నాలుగు నెలల తర్వాత కేసు కొట్టేశారు. చిన్నాయన కొట్టాడని ఒక్క సాక్షీ చెప్పలేదు. చెయ్యని నేరం ఆయన్ను జైల్లో పెట్టలేదు, కోర్టుకు వెళ్లకపోవడం పెట్టింది. ఆయన తిరిగొచ్చేసరికి చిన్నమ్మ కథలాపూర్‌లోని పుట్టింటికి చేరింది. బతిమాలడానికి పోతే ఒకటే మాట అన్నదట: "బిడ్డ పోయిననాడు ఉన్నవ్. తెల్లారి నుంచి నాకు నువ్వు గూడ లేవు." మళ్లీ రాలేదు.

చిన్నాయన నన్ను ఒక్కనాడూ నిందించలేదు. కానీ బతికినన్నాళ్లూ, నేను పిలిస్తే ముందు నా వెనక్కి చూసి, ఆ తర్వాతే నవ్వేవాడు.

పెద్దయ్య చేసింది మంచేనని ఈ వయసులో నాకు తెలుసు. మా వాడలో ఎవరికి పేషీ ఉన్నా ముందురోజే గుర్తుచేస్తాను. తప్పిందంటే ఆ పూటే వెంటబెట్టుకొని వకీలు దగ్గరికి పోతాను. అయినా ఎవరినైనా బయటికి పిలవాల్సి వస్తే, ఎంత మంచికైనా సరే, పసిపిల్ల గొంతుతో మాత్రం పిలిపించను.